కొండగోగు వాసం

ఆ పొద్దున ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. మబ్బు కురవడం లేదు, విడవడం లేదు. తడిసిన గొంగడిని ఎవరో చెట్ల కొసల మీద ఆరేసి మరిచిపోయినట్టు పాల్వంచ వైపు నుంచి గోదారి దిక్కు దాకా అంతా ఒకటే బూడిద రంగు. స్పానర్ల సంచి తలకింద పెట్టుకుని లారీ కిందికి జరుగుతూ ఒక్కసారి అటు చూశాను. వాన పడితే ఈ మట్టిరోడ్డు బురదైపోతుంది, వెదురు లోడు ఇక్కడే కూరుకుపోతుంది, మధ్యాహ్నం ఖమ్మం బస్సు అందదు అనుకున్నాను. అంతే. ఇప్పుడు నాకు ఆకాశం లేదు. రెండు టైర్ల సందులోంచి కనబడే బద్దంత వెలుతురు ఉంది. అందులో కొంచెం గడ్డి, కొంచెం రోడ్డు, అవతల మట్టిరోడ్డు తారురోడ్డులో కలిసే చోట సున్నం పోయిన ఒక మైలురాయి. పైన గేర్‌బాక్సు ఉంది.

గేర్‌బాక్సు నా రొమ్ము మీద ఉంది. పూర్తిగా లేదు, పూర్తిగా ఉంటే ఇలా అనుకోవడానికి నేను ఉండేవాణ్ణి కాదు. వెనక కొస కింద ముందే పెట్టుకున్న దుంగ మీద ఆని ఉంది, ఇంజనుకు అతుక్కునే వెడల్పాటి మూతి నా పక్కటెముకల మీద వాలి ఉంది, మిగతా బరువును పైన క్యాబిన్‌లో విరిగిన వాసం ఇంకా మోస్తోంది. విరిగింది గాని తెగిపోలేదు. నార పట్టుకుని ఉంది. అడవిలో క్లచ్ ప్లేటు అరిగి బండి ఆగితే ఈ దారిన తిరిగే డ్రైవర్లందరూ చేసే పనే మేమూ చేశాం. క్యాబిన్ అడుగు రేకు విప్పడం, రెండు తలుపులూ తెరిచి ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి ఒక పచ్చికట్టె వాసం అడ్డం వేయడం, దానికి మోకు కట్టి గేర్‌బాక్సును ఉయ్యాలలా వేలాడదీసి వెనక్కి లాగడం. పైన మోకు పట్టుకుని నాయిన, కింద బోల్టులు విప్పి మూతి పట్టుకుని నేను. జానెడు వెనక్కి వచ్చింది. "వస్తంది నాయినా, మెల్లగ" అన్నాను. వాసం ఫెళ్లుమనలేదు. అరటిబోదె విరిగినట్టు మెత్తగా, చప్పుడు లేకుండా కూలింది.

నాయిన దిగివచ్చి వంగాడు. మొహం కనబడలేదు. గడ్డమూ, మెడలో నల్లదారానికి వేలాడే శిలువా కనిపించాయి. రెండు చేతులూ పెట్టి ఎత్తబోయాడు, బాక్సు అటు లేచి ఇటు నొక్కింది, నా నోట్లోంచి వచ్చిన చప్పుడు విని వదిలేశాడు. జాకీ ముందరి ఇరుసు కింద ఉంది, దాన్ని తీస్తే బండే కూర్చుంటుంది. కాసేపు ఆయన చేతులు నా భుజాన్ని, మెడను, ఇరుక్కున్న ఎడమ చేతిని, బాక్సు అంచును తడుముతూ తిరిగాయి. ఎక్కడ ఏది నొక్కుతుందో చేతులతోనే చూసుకున్నాడు.

"వేళ్లు ఆడుతున్నయా?"

"ఆ."

"కూపుల సీతయ్యోళ్లున్నరు. తోల్కొస్త. కదలకు దాసూ. ఊపిరి గూడ మెల్లగ తీయి."

కింద పడుకున్నవాడికి మనుషులు మోకాళ్ల దాకానే ఉంటారు. నాయిన టైరు చెప్పులు లారీ చుట్టూ తిరిగి, వెనక టూల్ పెట్టె దగ్గర ఆగి, వెదురు నరికే కూపు వైపు నడిచాయి. చక్రం జాడలో నిలిచిన నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి, చిన్నపిల్లలు కూడా పక్కకు తప్పుకుని పోయేంత నీళ్లు. చెప్పు నేరుగా అందులో దిగింది. మడమ దాకా మునిగింది. ఆగింది. తర్వాత రెండో కాలు ముందుకు చాచి, ఏట్లో దిగేవాడు లోతు చూసుకున్నట్టు నేలను వెతికి, అప్పుడు బరువు పెట్టింది. పక్కన ఒక కర్ర కొస కూడా నేలను తాకుతూ పోయింది. తొందర, అనుకున్నాను. కొడుకు బండి కింద ఉంటే ఏ తండ్రికి నీళ్లు కనబడతాయి. పాదాలు గడ్డిలో కలిసిపోయాయి.

సగం ఊపిరి. సగమే తీయాలి. నిండా తీస్తే రొమ్ము లేస్తుంది, రొమ్ము లేస్తే బాక్సు లేస్తుంది, పైన నార కిర్రుమంటుంది. గేరు నూనె చెవి వెనక నుంచి మెడలోకి కారుతోంది, చల్లగా లేదు, ఒంట్లోంచి కారినట్టే ఉంది. బరువు వేలాడేచోట మనిషి పడుకోకూడదు. మొదటిరోజు మా ఇన్‌స్ట్రక్టరు వెంకటరామారావు సారు బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు. ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడు. షెడ్డు మధ్యలో కోసిపెట్టిన ఇంజను ఒకటి ఉంది, నీళ్ల దారికి నీలం, నూనె దారికి పసుపు, పొగ దారికి ఎరుపు రంగు వేసి, పక్కన ఒక హ్యాండిలు. తిప్పితే పిస్టన్లు లేస్తాయి, వాల్వులు తెరుచుకుంటాయి, అంతా తిరుగుతుంది, చుక్క డీజిలు ఎన్నడూ దాని కడుపులో పడలేదు. మొదటి ఏడాది దాన్ని తిప్పడానికి మేం కొట్టుకునేవాళ్లం. రెండో ఏడు దాని మీద తువ్వాళ్లు ఆరేసుకున్నాం. ఒకసారి సారు నన్ను లేపి, గేర్‌బాక్సు దించేముందు ఏం చేస్తావు అన్నారు. బ్యాటరీ ఎర్తు తీస్తాను సార్. తర్వాత? ట్రాలీ జాకీ పెడతాను సార్. జాకీ లేదయ్యా, అప్పుడు? వాసం వేస్తాను సార్, అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు, ఏ ఊరయ్యా నీది అన్నారు. జూలూరుపాడు అవతల సార్. "పరీక్షలో మాత్రం జాకీ ఉందనే రాయి నాయనా, మీ అడవి సంగతి పేపరు దిద్దేవాడికి తెలియదు" అన్నారు. ఆ పరీక్ష రేపే. పొద్దున థియరీ, మర్నాడు ప్రాక్టికల్. అందుకే మధ్యాహ్నం బస్సు.

బస్సు అంటే బస్సు డిపో. ట్రేడు టెస్టు పాసయినవాళ్లను డిపోలో అప్రెంటిసుగా తీసుకుంటారని సారు చెప్పారు, ఒకరోజు మమ్మల్ని తీసుకెళ్లి చూపించారు కూడా. అక్కడ గుంత ఉంది. మనిషి ఎత్తు గుంత, సిమెంటు గోడలు, గోడల్లో బల్బులు, దిగడానికి మెట్లు. బస్సు వచ్చి గుంత మీద నిలబడుతుంది, మెకానిక్కు కింద నిలబడి తల ఎత్తి పని చేస్తాడు. నిలబడి. నేను పుట్టినప్పటి నుంచి బండి కింద మనిషి అంటే వెల్లకిలా పడుకున్న మనిషే, వీపుకు కంకర, కళ్లల్లో మట్టి, మొహం మీద నూనె. నాయిన వీపు మీద గులకరాళ్ల గుర్తులు చెరిపినా చెరగవు, అమ్మ ఆముదం రాస్తూ తిడుతుంది. ఇంటికొచ్చి గుంత సంగతి చెబితే నాయిన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "నిలబడి చేస్తరా?" అన్నాడు. అవును అన్నాను. కొంచెంసేపయ్యాక మళ్లీ, "లైట్లు గూడ ఉంటయా?" అన్నాడు. ఉంటాయి. అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ మాట అడిగినప్పుడు నేను గుంత గురించే అనుకున్నాను, లైట్ల గురించి అనుకోలేదు.

ఎడమ చేతి వేళ్లు ఉన్నాయా. ఉన్నాయి. చిటికెన వేలు దూరంగా ఉన్నట్టుంది, వేరేవాళ్ల వేలిలా. చీమలు వచ్చాయి. నూనెకు చీమలు రావు గదా, మరి దేనికి వచ్చాయో. దేవ్లా ఉంటే ఇట్లా అయ్యేది కాదు. క్లీనరు దేవ్లా వెదురు గడలా సన్నగా ఉంటాడు గాని మోకు పట్టాడంటే పట్టినట్టే. వాడు పని మానేశాడని ఊరికొచ్చిన రోజే తెలిసింది. సెంటర్లో చాయ్ హోటల్ దగ్గర కనబడితే అడిగాను, ఏందిరా మా నాయిన కొట్టిండా అని. "కొట్టలే." జీతం ఇయ్యలేదా ఓనరు? "ఇచ్చిండు." మరి? గ్లాసులోకి చూస్తూ, "మీ నాయిన బండి నేనెక్క, అన్నా. మా యాడి వద్దన్నది" అన్నాడు. అమ్మ వద్దంటే మానే మొహమా నీది అన్నాను. వాడు చాయ్ సగంలో వదిలేసి పోయాడు. వాడి పొగరు మీద నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నాయిన, "వాడు లేడు గద, పరీక్ష దాక బండెక్కు. చెయ్యి తిరుగుతది" అన్నాడు. చదువుకోవాలి నాయినా అన్నాను. "చదువుకో. క్యాబిన్ల చదువుకో." కాని క్యాబిన్‌లో పుస్తకం విప్పనిచ్చింది ఎప్పుడు. నువ్వు తోలు, నేను కునుకు తీస్త అంటాడు, కునుకు తీయడు. ముందరి అద్దంలోకి మెడ చాచి కూర్చుంటాడు. ముందల ఏం బండిరా? అంటాడు. ఎడ్లబండి నాయినా. ఆ. ఎంత దూరం? ఆ ఏగిస చెట్టు దాటినంక. ఆ.

ఆ ఆట మాది. నేను ఇంజను పెట్టె మీద గోనెపట్టా వేసుకుని కూర్చునేంత ఉన్నప్పుడు నాయిన బండి తోలుతూ అడిగేవాడు, ఎదురుగా వచ్చేది ఏం బండి చెప్పు, లోడా ఖాళీనా చెప్పు, ఆ చెట్టు ఏంది చెప్పు. నల్లమద్ది, మొసలి చర్మంలా ఉంటుంది బెరడు, బండి ఎత్తినా విరగదు. ఏగిస, గాటు పెడితే నెత్తురులా కారుతుంది. చిరుమాను, గొడ్డలి కామకు. కొండగోగు, ఆకు రాలినంక పసుపుపచ్చటి పూలు పూస్తుంది, చూపుకే, కట్టె ఉత్త బెండు, "పొయ్యిల పెట్టినా మండదురా అది, దాన్ని దేనికీ నమ్మొద్దు." నేను తప్పు చెబితే తలమీద మొట్టేవాడు, ఒప్పు చెబితే హారన్ కొట్టనిచ్చేవాడు. అడవంతా మా హారన్‌తో నిండిపోయేది. ఇప్పుడు ఇంత ఉన్న నన్ను మళ్లీ ఆ ఆట ఆడిస్తుంటే, పరీక్ష భయం పోగొడుతున్నాడు కాబోలు, ముసలితనం వస్తే మనుషులు ముద్దు చేస్తారు కాబోలు అనుకున్నాను. విసుక్కున్నాను కూడా. నిన్న సాయంత్రం, నీకు కనబడతలేదా ఏంది అన్నాను. నాయిన అద్దం తుడిచాడు.

చుక్క. పెదవి మీద పడింది. వానా? వాన కాదు, వాన ఇక్కడికి రాదు, పైన క్యాబిన్ కప్పు ఉంది. ఇంకో చుక్క. నాలుకతో తాకాను. నూనె కాదు. వగరు లేదు. మద్దికట్టె నీళ్లయితే నాలుక ముడుచుకుపోయే వగరు ఉంటుంది, చిన్నప్పుడు పందెం వేసి నాకినవాణ్ణి, నాకు తెలుసు. ఇది జిగురుగా ఉంది, బెండకాయ నీళ్లలా. తల తిప్పడానికి లేదు. కళ్లు మాత్రం పైకి తిప్పాను. రేకు విప్పిన కంతలోంచి క్యాబిన్ కప్పు, గాలికి ఆడే జపమాల, మోకు ముడి, ముడి రెండు పక్కలా విరిగి వేలాడే వాసం. మోకు కోసుకుపోయిన చోట బెరడు లేచింది, బెరడు పైకి మొసలి చర్మంలాగే గరుగ్గా, పగుళ్లు పగుళ్లుగా ఉంది. విరిగిన చోట లోపల తెల్లగా ఉంది. నీళ్లు తాగిన బెండులా ఉంది. పొడుగాటి నారలు, నార కొసన ఊరుతున్న చుక్క.

కొండగోగు.

కాదు, మళ్లీ చూశాను, మబ్బు వెలుతురు మోసం చేస్తుందేమోనని. కొండగోగే. నేను కింద షాఫ్టు విప్పుతుంటే నాయిన గొడ్డలి పట్టుకుని చెట్లలోకి పోయాడు. గొడ్డలి దెబ్బలు వినబడ్డాయి, దబ్బుదబ్బున, మెత్తగా. ఎంత జల్దీ నరికాడు, ఈ వయసులో కూడా ఏం చెయ్యి అది అని మురిసిపోయాను. మద్దిని నరికితే అడవి మోగుతుంది, ఖణేల్ అని గొడ్డలి ఎగిరొస్తుంది, చెమటలు పడతాయి. విన్నాను, వినలేదు. వానకు నీళ్లు తాగిన పచ్చికట్టె బరువుగానే ఉంటుంది, భుజాన వేసుకున్నా తెలియదు. కాని ఆకు? అరచెయ్యంత ఆకు, వేళ్లు వేళ్లుగా చీలి ఉంటుంది, పసిపిల్లలు గుర్తుపడతారు. ఈ అడవి అంచున పుట్టినవాడు నిద్రలో లేపి అడిగినా మద్దిని, కొండగోగును కలపడు. కలపాలంటే ఒకటే దారి. ఆకు కనబడకూడదు. బెరడును చేత్తో మాత్రమే చూడాలి. గరుగ్గా, పగుళ్లు పగుళ్లుగా, మొసలి చర్మంలా. చేతికి అది మద్దే.

నీళ్లలో దిగిన చెప్పు. ముందుకు చాచి వెతికిన కాలు. నా మెడ మీద, భుజం మీద తిరిగిన చేతులు. కొడుకు బండి కింద ఉన్నప్పుడు కూడా కళ్లతో చూడని మనిషి. తారురోడ్డు కూతవేటు దూరంలో ఉండగా అక్కడ నిలబడి ఏ లారీనో ఆపకుండా కూపుకు ఎందుకు పోయాడు, వచ్చేది లారీనో ఎడ్లబండో ఎటు చెయ్యెత్తాలో తెలియకనే గదా, కూపు దారి అయితే కాళ్లకు అలవాటు. అద్దం తుడవడం. అద్దంలో ఏం ఉంది తుడవడానికి. పొద్దు వాలకముందే ఏదో ఒక హోటల్ దగ్గర బండి పక్కకు తీసి, ఇంజను కాగింది అనడం. నేను ఇంజను తాకి చూసి కాగలేదు నాయినా అంటే నీకు తెల్వదు అనడం. మా చర్చిలో పూజ మధ్యలో బైబిలు పత్రిక చదివేది ఆయనే, గొంతు లారీ హారనంత ఉంటుంది, మొన్న ఆదివారం మాస్టారుగారి అబ్బాయి చదివాడు, నాయిన గొంతు బాగాలేదని ఫాదరుతో అన్నాడట. ఇంటికొచ్చి అదే గొంతుతో బర్రెను అదిలించాడు. దేవ్లా. పక్కన కూర్చుని అన్నీ చూసి ఉంటాడు, ఎవరికీ చెప్పకుండా మానుకున్నాడు. చెబితే ఓనరు బసవపున్నయ్యగారు మర్నాడే ఇంకో డ్రైవరును ఎక్కిస్తారు. వాడికి అంత మాత్రం తెలుసు. నాకు తెలియలేదు. మోటారు బండి జబ్బు చప్పుడు విని చెప్పడం రెండేళ్లు నేర్చుకున్నాను.

అమ్మకు తెలుసా. అమ్మ, విశ్రాంతమ్మ, ఈసారి చేపలకూర పెట్టినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగి, మాకు వీపు పెట్టి చాలాసేపు ఏదో చేస్తోంది. నాయిన కంచంలో ముళ్లు లేని చేప. "ఏందమ్మా, నాయినకు పండ్లు రాలినయా, ముండ్లు తీసి పెడుతున్నవు?" అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు. అమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుని, "నీకు గూడ తియ్యనా బిడ్డా?" అంది.

తెలుసు.

నార కిర్రుమంది. ఊపిరి ఎక్కువ తీసినట్టున్నాను. సగం, సగం. తారురోడ్డు మీద ఏదో బండి వస్తోంది. చప్పుడు దూరంగా పుట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరుకు దిగి, దగ్గరయింది. జీపు. ఖాళీ జీపు. అరవాలి. నోరు తెరిచాను. సగం ఊపిరితో అరుపు రాదు, పిల్లి మూలిగినట్టు వచ్చింది. టైర్ల సందులోంచి జీపు చక్రాలు మైలురాయి దాటిపోయాయి. పెట్రోలు వాసన కొంచెంసేపు నిలబడి అదీ పోయింది. నాయినకు శుక్లమా, నరం జబ్బా, ఏదో. శుక్లమైతే మిషన్ దవాఖానాలో కోస్తారు, కోసినంక మబ్బు గదిలో పడుకోవాలి, తర్వాత నల్లద్దాలు, స్టీరింగ్ పట్టడానికి ఎన్ని నెలలో. అన్ని నెలలు ఈ సీటు ఖాళీగా ఉండదు. ఒకసారి దిగిన డ్రైవరును, అందులో కళ్లు కోయించుకున్నవాణ్ణి, మళ్లీ ఎవరు ఎక్కిస్తారు. సీటు నిలవాలంటే అందులో ఇంకొకరు కూర్చోవాలి, నాయిన పేరు చూసి, ఆంథోని కొడుకు గదా అని ఓనరు ఊరుకోవాలి. నేను బస్సు ఎక్కితే, రేపు ఈ బండిని ఈయనే తోలుతాడు. లోడుతో. వర్షంలో. కిన్నెరసాని వంతెన మీద ఎదురుగా పిల్లలు స్కూలుకు వస్తారు. ఏం బండి వస్తోందో చెప్పేవాడు పక్కన ఉండడు. బస్సు ఎక్కకపోతే పరీక్ష మళ్లీ ఏడాదికి. ఏడాది తర్వాత ఎవరు పిలుస్తారు, డిపో ఎవరికోసం ఆగుతుంది. గుంత గుర్తొచ్చింది. గోడల్లో బల్బులు. మెట్లు. తల ఎత్తి నిలబడ్డ మనుషులు.

చెప్పాలని ఉంది, ఎవరికో తెలియదు. నాయినా, నీకు కనబడతలేదా ఏంది. నిన్న ఆ మాట నేనే అన్నాను, అడిగినట్టే అడిగాను, ఆయన జవాబు చెబుదామనుకుని ఉంటే అదే సందు. అద్దం తుడిచాడు. రొమ్ము మీద బరువు పెరగలేదు, అదే బరువు. కాని ఇందాక అది ఇనుము. ఇందాక, మనుషులు వచ్చి ఎత్తితే పోయే బరువు.

మాటలు వినబడ్డాయి. బోసికాళ్లు, చాలా కాళ్లు, తడిమట్టి అంటినవి. వాటి మధ్యలో టైరు చెప్పులు, ఈసారి తడబడకుండా వచ్చాయి, ఎందుకంటే ఒక చెయ్యి పక్కవాడి భుజం మీద ఉండి ఉంటుంది. సీతయ్య వంగి చూశాడు. కూపులో వెదురు నరికేవాళ్లకు పెద్ద, మా ఇంటికి తేనె తెచ్చిచ్చేవాడు, నేను మామా అని పిలుస్తాను.

"ఏం అల్లుడా, మంచిగ పండుకున్నవ్. లేస్తవా, ఇంకో కునుకు తీస్తవా?"

నవ్వితే నొప్పి. నవ్వకపోయినా నొప్పి. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు బాక్సు కింద వెదురుగడలు దూర్చారు. సీతయ్య వాళ్ల మాటలో ఏదో అరిచాడు, గడలు వంగాయి, రొమ్ము మీద నుంచి ప్రపంచం లేచింది. ఎవరో చంకల కింద చేతులు వేసి ఈడ్చారు. నిండా ఊపిరి తీస్తే కళ్లు తిరిగాయి. ఆకాశం అక్కడే ఉంది, అదే బూడిద రంగు. ఎడమ చెయ్యి మోచేతి కింద నల్లగా కమిలి ఉబ్బింది, విరగలేదు. నాయిన నా పక్కన కూర్చుని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మణికట్టు నుంచి భుజం దాకా ఎముక వెంట వేళ్లు నడిపించాడు. నేను ఆయన కళ్లలోకి చూశాను. ఎప్పటి కళ్లే. నల్లగుడ్డు నడిమి మజ్జిగచుక్క పడ్డట్టు ఉంది. ఇన్నాళ్లూ చూసి చూడనిది అంత దగ్గరగా ఉంది.

సీతయ్య క్యాబిన్‌లోంచి విరిగిన వాసాన్ని లాగి కింద పడేశాడు. కాలితో తిప్పి చూశాడు. మిగతావాళ్లు కూడా చూశారు. వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు.

"ఇది కొండగోగు గద," అన్నాడు. "దీన్నెవలు నరికిండ్రు?"

నాయిన వేళ్లు నా మోచేతి దగ్గర ఆగిపోయాయి. తల ఎత్తలేదు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆంథోని డ్రైవరంటే చెట్టు పేరు చెప్పి కట్టె కొట్టే మనిషి. ఈ మాట ఈ సాయంత్రానికి కూపు దాటుతుంది, రేపటికి చాయ్ హోటల్ చేరుతుంది, ఎల్లుండి బసవపున్నయ్యగారి అరుగు ఎక్కుతుంది.

"నేనే మామా," అన్నాను.

సీతయ్య నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా?"

"అవ్. మద్దనుకున్న."

ఒక్కసారి అందరూ నవ్వారు. "మోటరు చదువు చదివితె చెట్లు మర్సిపోయినవా అల్లుడా? రేపు మీ అయ్యను జూసి ఎవలని అడుగుతవేమో," అన్నాడు సీతయ్య. "ఆంథోని బావా, నీ కొడుకును అడివికి తోలకు, పట్నంలనే ఉంచు." నేనూ నవ్వాను, పక్కటెముకలు పట్టుకుని. నాయిన ఒక్కడే నవ్వలేదు. నా చేతిని మెల్లగా నా ఒళ్లో పెట్టాడు, అది పగిలే వస్తువైనట్టు. ఆ పెట్టడంలోనే నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది.

సీతయ్య పోయి మద్ది నరుక్కొచ్చాడు. ఈసారి అడవి మోగింది. క్లచ్ ప్లేటు మార్చి, బాక్సు ఎత్తి, నాలుగు బోల్టులు పట్టించేదాకా అందరూ ఉన్నారు. నేను ఒక్కచేత్తో పని చెప్పాను, నాయిన కిందకి దూరి కళ్లు మూసుకుని బోల్టులు వేశాడు. చేతులకు అన్నీ తెలుసు. మిగతావి తిన్నాక బిగిద్దాం అని వాళ్లు కూపుకు పోయారు. నాయిన క్యాబిన్‌లోంచి టిఫిన్ క్యారియరు తెచ్చాడు. మట్టిరోడ్డు తారులో కలిసే చోట, మైలురాయి పక్కన, గోనెపట్టా వేసుకుని కూర్చున్నాం. పక్కన నా సంచి ఉంది, అందులో బట్టలు, డ్రాయింగు పెట్టె, హాల్ టికెట్టు. పై గిన్నెలో అన్నం. కింది గిన్నెలో చేపలకూర, మామిడికాయ వేసి వండింది. అమ్మ తలా ఒక ముక్క పెట్టింది. నా ముక్క విప్పి చూశాను. అందులో కూడా ముల్లు లేదు.

బస్సు చప్పుడు మూలమలుపు అవతల పుట్టింది. నాయిన చెయ్యి అన్నంలో ఆగింది. ఏం బండి అని అడగలేదు, ఈ చప్పుడు ఆయనకు తెలుసు. ముద్ద గిన్నెలో వదిలి, మోకాలి మీద చెయ్యి వేసి లేచి నిలబడ్డాడు. మెతుకులు అంటిన చెయ్యి ఎత్తాడు. బస్సు వచ్చే దిక్కుకు కొంచెం పక్కగా, ఎవరూ లేని రోడ్డుకు ఎత్తాడు. అయినా ఆ చెయ్యి దించలేదు. బస్సు బురద చిమ్ముకుంటూ మా ముందు ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి వంగాడు.

"ఎవలు, మీ వాడా? రమ్మను జల్దీ."

నేను గోనెపట్టా మీదే ఉన్నాను. కుడిచేత్తో, పొమ్మని ఊపాను.

కండక్టరు నన్ను చూశాడు, నిలబడ్డ నాయినను చూశాడు. "ఒగలు ఆపుతరు, ఒగలు పొమ్మంటరు. ముందల తండ్రికొడుకులు మాట్లాడుకోన్రి, తర్వాత బస్సుకు చెయ్యెత్తున్రి," అని రెండుసార్లు బెల్లు కొట్టాడు.

బస్సు పోయింది. నాయిన చెయ్యి ఇంకా కొంచెంసేపు పైనే ఉంది. తర్వాత దిగింది. గోనెపట్టా అంచును కాలితో వెతుక్కుని కూర్చున్నాడు. ఉల్లిపాయ కోసం పక్కన తడిమాడు, ఆయన వేళ్ల కిందికి జరిపాను, తీసుకున్నాడు. నడుముకు కట్టుకున్న మొలతాడు నుంచి బండి తాళంచెవి విప్పి మా ఇద్దరి మధ్య ఉప్పు పొట్లం పక్కన పెట్టాడు. తర్వాత నా గిన్నె అంచును వేలితో వెతికి పట్టుకుని, తన చేపముక్క తీసి అందులో పెట్టాడు. నేను దాన్ని తుంచి సగం ఆయన అన్నంలో పెట్టాను. మబ్బు అట్లాగే ఉంది. ఇద్దరం తలలు వంచుకుని, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.